చుట్టాల పరుపులు

మా కారు ఎడమ తలుపు అద్దానికి ఒక స్వరమంటే ఇష్టం. ఎంత మంచి పాట పెట్టినా ఆ స్వరం వచ్చేదాకా అది నోరు విప్పదు. బాగా కింది నుంచి, బావిలోంచి చేదతో తోడినట్టు ఆ స్వరం పైకొచ్చిందంటే మాత్రం తుమ్మెదలా జుమ్మంటుంది. మా ఆవిడ కరుణ ఉన్నన్నాళ్ళూ, అది మోగినప్పుడల్లా అరచెయ్యి అద్దానికి ఆనించి ఊరుకోబెట్టేది. మెకానిక్‌కి చూపిద్దామంటే, "దానికేం జబ్బు లేదు లెండి, పాడుకుంటోంది" అనేది.

కరుణ పోయిన మరుసటి ఎండాకాలం ఆ అద్దం మా ఇంట్లో ఉద్యోగంలో చేరింది. దాన్ని పనిలో పెట్టుకున్నది మా అమ్మాయి జెరూష.

"నాన్నా, మెయిన్ రోడ్డు వద్దు. లోపలి వీధుల్లోంచి పోనీ. మెల్లగా."

పొద్దున్నే, ఇంకా ఎండ గోడలు దిగని వేళ, నేను కారు నడిపేవాణ్ణి. జెరూష వాళ్ళమ్మ సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేది. ఫిల్మ్ నగర్ వాలు దిగి, రోడ్డు పక్కన నిద్రపోతున్న జనరేటర్ వ్యాన్లు దాటి, పెద్ద పెద్ద గేట్ల మీంచి కాగితం పూలు వాలి ఉండే జూబ్లీహిల్స్ సందుల్లో తిరిగేవాళ్ళం. తను ముందురోజు ఇంట్లో సిద్ధం చేసిన పాట కారులో మోగుతుండేది. అద్దం జుమ్మంటే తన ముఖం విచ్చుకునేది. జుమ్మనకపోతే ఫోనులో ఏదో రాసుకునేది.

జెరూష పని పాటలు మిక్స్ చేయడం. విడివిడిగా రికార్డు చేసిన గొంతునీ వేణువునీ డోలునీ ఒకచోట చేర్చి, ఎవరు ముందుండాలి, ఎవరు వెనక నిలబడాలి అని సర్దే పని. అందులో తనని ఏడిపించేది అడుగు. బేస్ గిటారూ పెద్ద డోలూ పాట కింద చాపలా పరిచే ఆ బరువు శబ్దం. అది ఎక్కువైతే పాట బురదలో కూరుకుపోతుందట. తక్కువైతే గాలికి లేచిపోతుందట. ఉద్యోగమంతా కాలేజీ లైబ్రరీలో, 'నిశ్శబ్దం' అని రాసి ఉన్న బోర్డు కింద గడిపిన నాకు ఇవన్నీ కొత్త. కానీ ఇంట్లో శబ్దం చేసే మనిషి ఒకరుండటం ఎంత మేలో ఆ ఏడాదే తెలిసింది. గోడ అవతల అదే పాట ముక్క మళ్ళీ మళ్ళీ మోగుతుంటే, నేను ఇవతల బీరకాయలు తరుక్కునేవాణ్ణి. అన్నం తినాలనిపించేది.

మార్చి మొదట్లో రవిచంద్ర అనే సంగీత దర్శకుడు తనకి ఒక పాట ఇచ్చాడు. చిన్న సినిమా. పాటంతా ఇళ్ళల్లోనే పుట్టింది. పాడిన గీతిక వెంగళరావు నగర్‌లో తన పడగ్గదిలో, ఫ్యాన్ ఆపేసి, దుప్పటి కప్పుకుని పాడిందట. బేస్ గిటారు వాయించినతను తన ఇంటి వంటగదిలో కూర్చున్నాడట. ఇక మా ఇంట్లో చుట్టాల గదిలో జెరూష వాటిని కలపాలి.

రవిచంద్రకి ఫిల్మ్ నగర్‌లోనే ఒక ఆఫీసు ఉంది. కింద సినిమా దుస్తులు కుట్టే మిషన్ల గది, పైన ఆయన. మనిషి గోదావరి వైపు వాడు, మాటలో ఇంకా ఆ సాగదీత పోలేదు.

"ఇది జోలపాటమ్మా. రాత్రి బస్సులో తల్లి పాపకి పాడుతుంది. గీతిక గొంతు తల్లి. మరి బస్సేది? ఆ బేస్ గిటారే బస్సు. అది కడుపులో తెలియకపోతే పాప నిద్రపోదు. పాప నిద్రపోకపోతే నా పాట దండగ."

"నిద్రపుచ్చుతా సార్" అంది జెరూష.

ఉజ్జాయింపుగా కలిపి వినిపించిన మొదటి రూపం ఆయనకి నచ్చింది. "ఈస్టర్ లోపు పూర్తి చేసివ్వు. థియేటర్లో కూడా ఇలాగే నిలబడితే సినిమాలో అన్ని పాటలూ నువ్వే చెయ్యి. లేకపోతే ఏమీ అనుకోకు, వేరేవాళ్ళని చూసుకుంటా" అన్నాడు. మాట ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. అదీ ఒక దయే.

జెరూష అంతకుముందు చేసినవన్నీ చర్చి పాటలూ, స్నేహితుల పాటలూ. వాళ్ళమ్మ మంచాన పడ్డప్పుడు మాదాపూర్ ఆఫీసులో ఉద్యోగం మానేసింది. ఆ ఆఫీసువాళ్ళు మే నుంచి మళ్ళీ రమ్మంటున్నారు. "ఈ పాట నిలబడితే సరే నాన్నా. నిలబడకపోతే ఇక నన్ను నేను మోసం చేసుకోను. వెళ్ళిపోతా" అంది ఒకరోజు, చారు కలుపుకుంటూ. నేను అప్పడం విరిచి తన కంచంలో వేశాను. ఏమనాలో తెలియనప్పుడు మా ఇంట్లో అప్పడాలు ఎక్కువ ఖర్చవుతాయి.

*

ఏటా ఆ రోజుల్లోనే కరుణ పరుపులు ఎండబెట్టేది. వాటిని మేం చుట్టాల పరుపులు అంటాం. నరసాపురంలో వాళ్ళ నాన్నగారు ఎదురుగా కూర్చుని కుట్టించిన బూరుగుదూది పరుపులు, నీలం చారల గుడ్డతో. సభలకి వచ్చేవాళ్ళు, ఆసుపత్రి పని మీద వచ్చేవాళ్ళు, పరీక్షలు రాయడానికి వచ్చే పిల్లలు, అందరూ మా ఇంట్లోనే దిగేవారు. "వెళ్ళేటప్పుడు ఎవరూ నడుం పట్టుకుని వెళ్ళకూడదు" అనేది కరుణ. చుట్టాలు లేనప్పుడు ఆ పరుపులు చుట్టల్లాగా, ఒకదాని మీద ఒకటి, చుట్టాల గది వెనక మూలలు రెండింటిలో నేల నుంచి సీలింగు దాకా నిలబడి ఉండేవి. కరుణ పోయాక చుట్టాలూ రావడం తగ్గించారు. నేను ఇబ్బంది పడతానని వాళ్ళ మొహమాటం.

ఆ ఆదివారం పరుపుల్ని డాబా మీదికి చేర్చడానికి వాచ్‌మన్ వెంకటనర్సయ్య సాయం వచ్చాడు. మొదటిది భుజాన వేసుకోగానే మెట్ల మీద ఆగిపోయాడు.

"సారూ, ఇది పరుపా, పహిల్వానా? మేడమ్ ఒక్కతే ఎట్ల మోసేది?"

"ఆవిడ మోసేది కాదు నర్సయ్యా. నాచేత మోయించేది."

"గట్ల చెప్పుండ్రి మరి. మీ నడుం చూస్తేనే సమజైతది."

జెరూష పకపకా నవ్వింది. తను కూడా ఒక కొస పట్టుకుంది. ముగ్గురం కలిసి డాబా అంతా పరిచాం. మధ్యాహ్నానికి బూరుగుదూది వేడెక్కి ఉబ్బి, ఆ నీలం చారలు బోర్లా పడుకుని ఊపిరి తీస్తున్నట్టు కనిపించాయి. చుట్టూ కొండరాళ్ళు, దూరంగా స్టూడియో గోడ, పైన మబ్బు లేని ఆకాశం. నీళ్ళ ట్యాంకు నీడలో నేనూ జెరూషా కూర్చున్నాం.

"నాన్నా, ఇవి మళ్ళీ లోపల పెట్టి ఏం చేస్తాం?" అంది.

నేనూ పొద్దుటి నుంచీ అదే అనుకుంటున్నాను. ముందు నేను అంటే తనకి కష్టమేమోనని ఆగాను. "బోరబండ హాస్టల్లో ఆడపిల్లలు చాపల మీద పడుకుంటున్నారని పాస్టరు గారు చెప్పారు" అన్నాను.

"అమ్మ అయితే ఎప్పుడో పంపించేసేది."

"మనం ఇవాళ పంపిద్దాం."

సాయంత్రం ట్రాలీ ఆటోలో హాస్టల్ చూసుకునే మల్లమ్మ స్వయంగా వచ్చింది. పరుపుల మీద చెయ్యి వేసి ఒక్కొక్కటీ నొక్కి చూసింది. "మా పిల్లలు ఇగ పొద్దుగాల లేవరు సారూ. బడికి లేటైతే మీదే జిమ్మేదారి" అంది. ఆటో వాలు దిగుతుంటే పైన కట్టిన పరుపులు అటూ ఇటూ ఊగుతూ చెయ్యి ఊపుతున్నట్టనిపించింది. ఆ రాత్రి నాకు చక్కగా నిద్ర పట్టింది. కరుణ బాకీపడ్డ పని ఒకటి మేం పూర్తి చేశామనిపించింది.

*

ఆ వారం నుంచి అద్దం మోగడం మానేసింది.

మొదట జెరూష పట్టించుకోలేదు. "ఇంట్లో బేస్ గట్టిగానే ఉంది నాన్నా. బహుశా కారు స్పీకరేదో..." అంది. మర్నాడు ఇంకోలా కలిపి తెచ్చింది. జూబ్లీహిల్స్ చెక్ పోస్టు దాకా వెళ్ళి తిరిగొచ్చాం. గీతిక గొంతు తేలిపోతూ, కింద ఏ ఆధారమూ లేక, రాత్రి బస్సులో కాక గాల్లో పాడుతున్నట్టుంది. అద్దం పలకలేదు.

రవిచంద్ర ఆఫీసులో నేను గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. ఆయన పాట వింటూ కిటికీ వైపు చూశాడు. పాట అయిపోయాక ఇటు తిరిగాడు.

"బస్సేదమ్మా?"

"సార్?"

"మొన్న ఉంది. ఇవాళ దిగిపోయింది. ఏంటి, భయపడి తగ్గించేశావా?"

"ఇంట్లో విన్నప్పుడు ఎక్కువనిపించింది సార్."

"ఇంట్లో నువ్వొక్కదానివే వింటావమ్మా."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. ఇంటికి రాగానే జెరూష మళ్ళీ చుట్టాల గదిలో కూర్చుంది. ఈసారి లెక్కగట్టి, తన చెవికి నచ్చకపోయినా బేస్ పెంచింది. అద్దం మోగింది కానీ, దానితోపాటు తలుపూ, డాష్‌బోర్డూ, వెనక సీట్లో పెట్టిన మంచినీళ్ళ సీసా, అన్నీ మోగాయి. పాట నిజంగానే బురదలో దిగబడింది. మధ్యలోనే ఆపేసింది.

ఒకరోజు చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది.

"ఏమన్నారు తల్లీ?"

"చెవులు బాగున్నాయట."

"మంచిదేగా."

"కాదు నాన్నా. చెవులు పాడైతే మందు వేసుకోవచ్చు."

మే దగ్గరపడుతోంది. మాదాపూర్ నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమకాలపు కూడికలకి శుక్రవారాలు చర్చికి వెళ్తే, అందరూ వంచిన తలల మధ్య తను మాత్రం తలెత్తి స్పీకర్ల వైపు చూస్తుండేది. నేను ప్రార్థనలో పెద్దవేమీ అడగలేదు. మిగతావేవీ మోగకుండా ఆ అద్దం ఒక్కటే మోగితే చాలన్నాను.

*

ఈస్టర్‌కి ముందు ఆదివారం, మట్టలాదివారం. దాని మర్నాడు. మధ్యాహ్నం. జెరూష చుట్టాల గదిలో బేస్ గిటారు ఒక్కటే పెట్టి, అదే ముక్క తిప్పి తిప్పి వింటోంది. నేను మజ్జిగ గ్లాసు తీసుకెళ్ళాను. తను ఎప్పుడో గోడలకి అంటించిన ఫోమ్ ముక్కల్లో ఒకటి ఎండకి జిగురు వదిలి వెనక మూలలో పడి ఉంది. గ్లాసు బల్ల మీద పెట్టి, దాన్ని తీద్దామని మూలకి వెళ్ళి వంగాను.

వంగగానే ఎవరో నా గుండె మీద అరచెయ్యి పెట్టి తోసినట్టయింది.

లేచి ఒక అడుగు ఇవతలికి వేశాను. తగ్గింది. మళ్ళీ మూలలోకి వెళ్ళాను. ఆ శబ్దమంతా అక్కడే గుంపుగా చేరి ఉంది, వర్షానికి చూరు కింద నిలబడ్డ జనంలా.

"జెరూషా. ఒకసారి ఇక్కడ నిలబడు."

"ఎందుకు నాన్నా?"

"నిలబడు, చెప్తా."

వచ్చింది. మూలలో గోడకి వీపు ఆనించి నిలబడింది. కళ్ళు పెద్దవయ్యాయి. రెండు చేతులూ చాపి గోడల్ని తాకింది. అవతలి మూలకి వెళ్ళి అక్కడా నిలబడింది. నేలకేసి చూసింది. నేల మీద, పరుపులు ఏళ్ళ తరబడి నిలబడిన చోట, గచ్చు గుండ్రంగా కాస్త లేత రంగులో ఉంది.

"ఇక్కడ అమ్మ పరుపులు ఉండేవి" అంది.

అవునన్నాను.

పాట దానంతటది తిరుగుతూనే ఉంది. తర్వాత నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎటు తిరుగుతుందో తెలియక నేను బల్ల మీది మజ్జిగ గ్లాసు మళ్ళీ అందుకుని నిలబడ్డాను.

"ఈ ఫోమ్ ముక్కలు చూసి మురిసిపోయాను నాన్నా. నా గదిలో శబ్దం ఎంత శుభ్రంగా ఉందో అని అందరికీ ఫొటోలు పంపాను. ఇవి పై శబ్దాల్ని ఆపుతాయి, అంతే. కింది శబ్దానికి మందం కావాలి. అది ఆపింది అమ్మ." కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు మూలలు ఖాళీ. బేస్ అక్కడ చేరి ఊగుతోంది. నాకు ఎక్కువ వినపడుతోంది, నేను తగ్గిస్తున్నాను. గది అబద్ధం చెబుతోంది, నేను నమ్ముతున్నాను."

ఆ సాయంత్రం నా మంచం మీది పరుపు, సోఫా దిండ్లు, చలికాలం దుప్పట్లు, అన్నీ మూలల్లో కుక్కాం. కాస్త తగ్గింది. చాల్లేదు. యూసుఫ్‌గూడలో పరుపులు కుట్టే షాపుకి వెళ్ళి అడిగాను. "బూరుగుదూదా? కొత్త కాయ దిగాలి సార్, వచ్చే నెల చూద్దాం. అంతదాకా ఫోమ్ తీసుకోండి" అన్నాడు. ఫోమ్ పేరు వినగానే నమస్కారం పెట్టి బయటికొచ్చాను. ఈస్టర్ వచ్చే ఆదివారమే.

*

మర్నాడు పొద్దున్నే జెరూషకి చెప్పకుండా బోరబండ వెళ్ళాను. ఈ వారం మట్టుకు పరుపులు ఇవ్వమని అడుగుదామని. ఇచ్చిన వస్తువు వెనక్కి అడగడానికి వెళ్ళే మనిషి ఎలా నడుస్తాడో అలాగే నడిచాను. గుట్ట మెట్లు ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ ఒకసారి ఆగాను.

హాస్టల్ అంటే పెద్ద హాలు, పక్కన వంటగది, వెనక రైలు పట్టాలు. ఒంటిపూట బడులు కాబట్టి పిల్లలు అప్పటికే వెళ్ళిపోయారు. మల్లమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"రాండ్రి సారూ, రాండ్రి. మీ పరుపుల సంగతి చెప్పాలె. గిప్పుడు రాత్రి లొల్లి లేదు. ఒక పిల్లకు రోజూ పీడకలలొస్తుండె, ఒక్కతే ఉలిక్కిపడి లేస్తుండె. ఇగ లేస్తలేదు. లోపలికి రాండ్రి, చూద్దురు."

హాల్లోకి తీసుకెళ్ళింది. పరుపులన్నీ చుట్టి, రెండు మూలల్లో నిలబెట్టి ఉన్నాయి. చుట్టకొక రిబ్బను కట్టి ఉంది, ఎవరిది ఎవరిదో తెలియడానికి. ఎర్రది, పసుపుపచ్చది, ఒకటి అంచు చినిగిన ఆకుపచ్చది. నేను నోరు తెరిచి, "మల్లమ్మా, ఈ పరుపులు..." అని ఆగిపోయాను.

ఆగిపోవడానికి రిబ్బన్లు ఒక కారణం. ఇంకోటి నా గొంతు. ఆ హాల్లో నా మాట మా చుట్టాల గదిలో ఒకప్పుడు వినిపించినట్టే వినిపించింది. చుట్టాలు నిద్రపోయాక కరుణా నేనూ గుమ్మంలో నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఎలా ఉండేదో అలా.

"ఏందో అంటుండ్రి?"

"ఏమీ లేదు. మా అమ్మాయి పొద్దుటి పూట ఇక్కడ కూర్చుని పని చేసుకోవచ్చా?"

ఏం పని అని అడిగింది. మొత్తం చెప్పాను, పరుపులు అడగడానికి వచ్చిన సంగతి తప్ప. మల్లమ్మ బియ్యం చాట నడుం మీద పెట్టుకుని విన్నది.

"అంటే పరుపులు పాట వింటయా సారూ?"

"వింటాయి. కొంచెం మింగుతాయి కూడా."

"మా పెద్దపోరి లెక్కనే ఉన్నయి. ఎంత పెట్టినా మింగుతది." నవ్వి, వెంటనే గంభీరంగా, "పిల్లలొచ్చేదాక మీ ఇష్టం. వచ్చినంక అన్నం తినాలె, పండాలె. గప్పుడు పాటా గీటా బంద్" అంది. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అంది. "పరుపుల కోసమే వచ్చిండ్రని సమజైంది సారూ. అడగలే. మంచిగైంది."

*

ఆ వారం పొద్దుటిపూటలు నాకు ఇప్పటికీ కలలో జరిగినట్టే ఉంటాయి. స్పీకర్లు ఒళ్ళో పెట్టుకుని జెరూష, కారు వీధి చివర వేపచెట్టు కింద. హాల్లో రెండు ట్రంకు పెట్టెల మీద స్పీకర్లు, బల్ల మీద లాప్‌టాప్. కూర్చోగానే చప్పట్లు కొట్టి చూసింది. ఆ చప్పుడు మూలలకి వెళ్ళి ఇక తిరిగి రాలేదు. "హమ్మయ్య" అంది.

నేను గుమ్మంలో కూర్చుని పేపరు చదివేవాణ్ణి. లోపల బేస్ గిటారు ఒక్కో స్వరమే అడుగేస్తుండేది. వంటగదిలోంచి పోపు వాసన. వేపపూత రాలి వాకిలంతా తెల్లగా ఉండేది. రైలు వచ్చినప్పుడల్లా నేల కింది నుంచి బరువైన గుడగుడ. ఆ శబ్దం ఉన్నంతసేపూ అడుగు ఎంతుందో తేల్చుకోవడం కుదరదు కాబట్టి, జెరూష పాట ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకునేది. మొదట విసుక్కుంది. రెండోనాడు ఆ ఖాళీల్లో కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది. రైలు వెళ్ళాక మళ్ళీ మొదటి నుంచి వినేది. అలా ఆగి ఆగి వినడం వల్ల చెవి అలిసిపోవట్లేదని తర్వాత చెప్పింది. ఇంట్లో ఎవరూ తనని ఆపేవారు కాదు.

గురువారం ఇంకో ముక్క సర్దాలి, పిల్లలు వచ్చేశారు. చెమటలు కారుతూ, బ్యాగులు పడేసి, "అక్కా, పాట పెట్టు, పాట పెట్టు" అని చుట్టూ మూగారు.

"అన్నం తిన్నంకనే" అని వంటగదిలోంచి మల్లమ్మ కేక.

తిన్నాక ఎవరి రిబ్బను వాళ్ళు విప్పుకుని కొందరు పరుచుకున్నారు, కొందరు బద్ధకించి చుట్టలకే వీపులు ఆనించి కూర్చున్నారు. జెరూష పాట పెట్టింది. నేను వాళ్ళ ముఖాలే చూస్తున్నాను. గీతిక గొంతు నెమ్మదిగా మొదలైంది. దాని కింద బస్సు కదిలింది. పెద్దగా వినపడటం లేదు, కానీ అక్కడుంది. సిమెంటు నేల మీద పెట్టిన నా అరికాళ్ళకి తెలిసింది.

"అక్కా, నా పొట్టలో ఏదో నడుస్తుంది" అంది ఒక పిల్ల, పక్కదాన్ని గిల్లి.

"అది పప్పు" అంది పక్కది.

కిలకిలలు. మళ్ళీ సద్దుమణిగింది. పాట సగంలో ఆకుపచ్చ రిబ్బను పిల్ల, పెన్సిలు చేతిలో ఉండగానే, తల ఒక పక్కకి వాల్చేసింది. మల్లమ్మ గుమ్మంలోంచి నాకు సైగ చేసింది, పీడకలల పిల్ల ఇదేనని. పాట అయిపోయేసరికి ఇంకో ఇద్దరు కళ్ళు మూశారు. జెరూష ఆ పిల్లని చూసింది. నన్ను చూసింది. ఇంకో ముక్క సర్దాలన్న సంగతి మరిచిపోయి, లాప్‌టాప్ మెల్లగా మూసేసింది.

*

శనివారం సాయంత్రం రవిచంద్ర మా కారు వెనక సీట్లో కూర్చున్నాడు. ఆఫీసులో వద్దు, కారులోనే వింటానన్నాడు. జెరూష వాళ్ళమ్మ సీట్లో, ఫోను రెండు చేతుల్లో పట్టుకుని. నేను వాలు దిగి లోపలి వీధుల్లోకి తిప్పాను. మెల్లగా.

గీతిక గొంతు వచ్చింది. నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. మలుపు దగ్గర ఒక కుక్క అడ్డం వస్తే బ్రేకు వేశాను, అది తీరిగ్గా దాటింది. అప్పుడు పాట కింద బస్సు కదిలింది. ఎడమ తలుపు అద్దం జుమ్మంది.

తలుపు కాదు, డాష్‌బోర్డు కాదు, సీసా కాదు. అద్దం ఒక్కటే. తనకిష్టమైన స్వరం దగ్గర మాత్రమే.

పాట అయిపోయింది. నా ముందు వేలాడే చిన్న అద్దంలో చూస్తే ఆయన తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"మళ్ళీ పెట్టమ్మా" అన్నాడు.

మళ్ళీ పెట్టింది. రెండోసారి అయ్యేసరికి ఆయన ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాం. కింది గదిలో మిషన్లు ఆగిపోయి ఉన్నాయి. ఆయన దిగి, కిటికీ దగ్గర వంగాడు.

"మిగతా పాటలు సోమవారం పంపిస్తాను. ఇదెక్కడ కూర్చుని చేశావో అక్కడే కూర్చుని అవీ చెయ్యి."

"అక్కడ మధ్యాహ్నం అన్నాల వేళకి ఆపెయ్యమంటారు సార్."

"ఆపెయ్యమ్మా. వాళ్ళెవరో మంచివాళ్ళలా ఉన్నారు." నా వైపు తిరిగి, "సార్, ఈ ఎడమ తలుపేదో మోగుతోంది. ఒకసారి చూపించుకోండి" అన్నాడు.

"అలాగేనండి" అన్నాను.

తిన్నగా ఇంటికి వెళ్ళలేదు. ఎండ వాలి, కొండరాళ్ళన్నీ లేత గులాబీ రంగులో ఉన్నాయి. షూటింగ్ ముగించుకున్న వ్యాను ఒకటి మా ముందు వెళ్తోంది, దాని వెనక తలుపు తాడు వేలాడుతూ ఊగుతోంది. జెరూష మాదాపూర్ వాళ్ళకి ఫోనులో ఏదో రాసి పంపింది. తర్వాత ఎవరూ అడగకుండానే పాట మళ్ళీ పెట్టింది. ఈసారి పని కోసం కాదు.

ఆ స్వరం దగ్గరికి వచ్చేసరికి అద్దం పాడటం మొదలుపెట్టింది. జెరూష రోడ్డు వైపే చూస్తూ, తనకే తెలియకుండా చెయ్యెత్తి, అరచెయ్యి అద్దానికి ఆనించింది. అద్దం ఊరుకుంది.

కాసేపు అలాగే ఉండనిచ్చాను.

"చెయ్యి తియ్యమ్మా" అన్నాను. "పాడుకోనీ."